అలుగు మూసే విద్య

అల్లుడా, నువ్వు సర్పంచ్‌గా గెలిచిన రాత్రి, డప్పుల మోతలో, గులాలు పూసుకున్న మొహంతో నా చెవి దగ్గరికి వచ్చి ఒక మాట అడిగావు. "మామా, గెలుసుడైతే గెలిచిన. నిలబడుడెట్ల?" అని. నేను వినబడనట్టు నవ్వి ఊరుకున్నాను. వినబడింది. నలభై ఏళ్లు నాయకుల జీపుల్లో వెనక సీటు మీద తిరిగినవాణ్ణి. వెనక సీటువాడికి వినబడని మాటంటూ ఉండదు. అప్పుడు నీ చుట్టూ ఇంకో పదిమంది ఉన్నారు, ఈ విద్యేమో పదిమందిలో చెప్పేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చొని రాస్తున్నాను. చదివాక పొయ్యిలో పెట్టు.

ముందు ఒక హెచ్చరిక. కొత్త సర్పంచులకు శిక్షణ తరగతులు పెడతారు. చాయ్, బిస్కెట్లు, ఒక సంచి, అందులో ఒక పుస్తకం. సంచి తెచ్చుకో. అక్కడ ఎవరో ఒక సారు లేచి, నాయకత్వం మొలకెత్తుతుంది, ఎదుగుతుంది, ముదురుతుంది, మళ్లీ చిగురించాలంటే పాత ఆకు కొంత రాలాలి అని చెబుతాడు. ఆ సారు మూడేళ్లకోసారి బదిలీ మీద పోయేవాడు. రాలిపోవడం ఆయన ఉద్యోగంలో భాగం. నీకేం ఖర్మ?

అయినా చెట్టు పోలిక మనకు పనికిరాదు. మన వైపు ఏదైనా చెరువు భాషలో చెబితేనే బుర్రకెక్కుతుంది. చెరువుకు ఏడాదికో బతుకు. వాగు వస్తుంది, నిండుతుంది, నిండాక అలుగు పారుతుంది. కాల్వల కింద పంట పండుతుంది. ఎండాకాలానికి నీళ్లు అడుగంటి ఒండ్రు తేలుతుంది. దాన్ని బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటారు. మళ్లీ వానకు గుంత సిద్ధం. వనపర్తి రాజులు తమ చెరువులకు సముద్రాలని పేర్లు పెట్టుకున్నారు. శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి గుడిని ఆనుకొని ఉన్నది రంగసముద్రం. పేరుకు సముద్రమే కానీ దానికీ అలుగు ఉంది. పెద్దల తెలివితక్కువతనం అక్కడే బయటపడుతుంది. చేతికొచ్చిన నీళ్లను ఎవరైనా బయటికి పోనిస్తారా? నా విద్యంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. అలుగు మూసెయ్. నీళ్ల సంగతి మామకేం తెలుసు అనుకోకు. మన ఊరి చెరువు కట్ట కింద మా నాయన ఇచ్చిన రెండెకరాలతోనే నేను ఇంతవాణ్ణయ్యాను.

ఎవరిలా ఉండకూడదో ముందు చెబుతాను. అది తెలిస్తే సగం చదువు అయినట్టే.

వనపర్తి ప్యాలెస్ నువ్వు చూసే ఉంటావు. లోపల పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తున్నది. ఒకప్పుడు సంస్థానం దొరలు నడిచిన చోట ఇప్పుడు డిప్లొమా పిల్లలు డ్రాయింగు బోర్డులు చంకన పెట్టుకొని పోతుంటారు. ఆ వంశంలో చివరి రాజా రామేశ్వరరావు. 1948లో పోలీసు చర్య అయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అట్లాంటప్పుడు రాజన్నవాడు ఏం చేయాలి? పాత కత్తులకు నూనె రాసుకుంటూ, వచ్చిపోయేవాళ్లకు తాతల కథలు చెబుతూ కూర్చోవాలి. ఈయన విదేశాంగ శాఖ ఉద్యోగంలో చేరి ఆఫ్రికాకు పోయాడు. తిరిగొచ్చి, తాతలు పన్నులు వసూలు చేసిన ఊళ్లలోనే చేతులు జోడించి ఓట్లడిగి, 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు పోయాడు. అదీ చాలక ఓరియంట్ లాంగ్‌మన్ పుస్తకాల కంపెనీని నడిపాడు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య బడి పెట్టింది. చూడు, ఒక్క జన్మలో రాజు, దౌత్యవేత్త, ఎంపీ, ప్రచురణకర్త. ఒక కుర్చీ దిగితే తప్ప ఇంకో కుర్చీ ఎక్కలేదు ఆ మనిషి. ఇంత తిప్పట దేనికి?

గద్వాల సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్ద సోమభూపాలుడు కట్టించిన కోట. పండితులను పోషించీ పోషించీ 'విద్వద్గద్వాల' అనిపించుకున్న సంస్థానం. చివరి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ. ఇప్పుడు కోటలోకి పోతే ఒక పక్క చెన్నకేశవస్వామి గుడి, ఇంకో పక్క ఆమె పేరుతోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. మా అమ్మాయి, అంటే నీ భార్య, చదివింది అక్కడే కదా. రాణి దర్బారు ఎక్కడ ఉండేదని అడిగితే, మా ఎకనామిక్స్ క్లాసు పక్కన అంటుంది. రెండు సంస్థానాలు, రెండూ బళ్లే అయ్యాయి. తాళం వేసి పెట్టుకుంటే గబ్బిలాలైనా మర్యాదగా ఉండేవి.

వీళ్లకంటే చెడ్డ ఉదాహరణ సురవరం ప్రతాపరెడ్డి. అలంపురం వైపు ఇటిక్యాలపాడు మనిషి. 1926లో గోలకొండ పత్రిక పెట్టాడు. తెలంగాణలో కవులే లేరని ఒక పెద్దమనిషి తేల్చేస్తే, ఈయనకు రోషం వచ్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశాడు. అందులో ఎంతమంది కవులనుకున్నావు? 354 మంది! అల్లుడా, కవులు ఉన్నారని రుజువు చేయడానికి ఒక్కడు చాలడా? ఆ ఒక్కడు తానే కావచ్చు కదా, పత్రిక తనదే, రాయడమూ వచ్చు. నువ్వైతే ఫ్లెక్సీ కొట్టించేటప్పుడు ఈ తప్పు చేయకు. మూలకు ఎమ్మెల్యే ఫొటో, పైన పెద్ద నాయకుల ఫొటోలు తప్పవు. మిగతా జాగా అంతా నీ మొహమే ఉండాలి. వార్డు సభ్యుల ఫొటోలు వేయాల్సి వస్తే తపాలా బిళ్లంత వేయించు.

ప్రతాపరెడ్డి అంతటితో ఆగలేదు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షుడయ్యాడు. ఇక ఆ కుర్చీ తనదే కావాలి కదా! మరుసటి ఏడు దేవరకొండలో చూస్తే అందులో బూర్గుల రామకృష్ణారావు కూర్చొని ఉన్నాడు. తర్వాత సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావు, 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి. సభకో మనిషి. పెళ్లి బంతిలో విస్తరి మార్చినట్టు అధ్యక్షుణ్ణి మార్చుకుంటూ పోయారు. దీనివల్ల ఏమైందంటే, కుర్చీలో కూర్చోవడం చాలామందికి అలవాటైంది. ఆ బూర్గులే 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ముఖ్యమంత్రి. అదే ఏడు ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి ఎమ్మెల్యే. ఒకరి తర్వాత ఒకరు కూర్చుంటూ కూర్చుంటూ ఒక తరమంతా నాయకులైపోయింది. నీ వార్డు సభ్యులు పదిమందీ నాయకులైతే నీకేం మిగులుతుందో ఆలోచించు. కుర్చీలు మారితే మంచి జరుగుతుందనేవాళ్లకు, 1944లో భువనగిరిలో ఆ సభ చీలిపోయిన సంగతి గుర్తు చెయ్. చీలడానికి కారణం కమ్యూనిస్టులూ మితవాదులూ పడకపోవడం. కారణం మాత్రం చెప్పకు, చీలింది అని చెప్పు చాలు.

ఇక మంచి ఉదాహరణకు వస్తాను. మన ఊరి పాత పట్వారీ. ఆయనే నా గురువు.

1984లో ఎన్టీఆర్ పటేల్ పట్వారీ వ్యవస్థను ఒక్క దెబ్బకు ఎత్తేశాడు. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఊరిమీద పెత్తనమంటే గడీ, ఆ తర్వాత పటేలు, పట్వారీ అనుకున్న జనానికి అప్పటిదాకా ఎవరికీ తెలియని కొత్త మనుషులు నాయకులై కనబడ్డారు. బీసీ ఇళ్ల నుంచి, చిన్న కమతాల ఇళ్ల నుంచి పిల్లలు మండలాఫీసు అరుగు ఎక్కారు. చెరువుకు కొత్త నీరొచ్చిన ఏడాది అది. ఎన్టీఆర్ రద్దు చేసింది ఉద్యోగాన్నే. మా పట్వారీ పెట్టెను రద్దు చేయలేకపోయాడు. పహాణీలు, చౌఫస్లాలు, సేత్వార్లు అన్నీ ఆయన అటక మీది ఇనప్పెట్టెలోనే ఉండిపోయాయి. ఏ కాగితం ఎక్కడుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన ఉద్యోగి కూడా పొద్దున్నే ఆయన అరుగు మీదికి వచ్చి నిలబడేవాడు. పదవి పోయాక ఇరవై ఏళ్లు ఆ అరుగు ఖాళీ అయింది లేదు. కోడి ఒకరు, నెయ్యి ఒకరు, తొలి వేరుశనగ బుట్ట ఒకరు తెచ్చిచ్చేవారు.

నేర్చుకోవాల్సింది ఇదీ. పంచాయతీలో నీకు మాత్రమే తెలిసిన విషయాలు కొన్ని ఉంచుకో. తాగునీటి పైపు ఏ వీధిలో ఎక్కడ మలిగిందో, గేటువాల్వు ఏ రాయి కింద ఉందో నీకూ వాల్వు తిప్పేవాడికీ తప్ప తెలియకూడదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాయకు. తీర్మానాల పుస్తకం ఇంట్లో పెట్టుకో. నువ్వు ఒక వారం తిరుపతికి పోతే ఊళ్లో నీళ్లు ఆగాలి. ఆగకపోతే నువ్వు నాయకుడివే కాదు.

పట్వారీ పోయాక ఆయన కొడుకు ఆ పెట్టె తెరిచాడు. చెదలు తినగా మిగిలినవి పిడికెడు కాగితాలు. మా రెండెకరాల పాత పహాణీ కూడా అందులోనే ఉండేది. దానికోసం నేను మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. అది వేరే సంగతి. గురువు గురువే.

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం. రోగమంటే, నీ పక్కన ఎదిగేవాడు.

రాజోలిలో నాకొక సోపతి ఉండేవాడు, మగ్గం మీద బతికినవాడు. గద్వాల చీర గొప్పేమిటని అడిగితే, నూలు ఒంటికి పట్టు అంచును ఊడిరాకుండా కలపడమే అనేవాడు. అంతకంటే ఓపిక పని ఇంకోటి చూపించాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే దాని చివర్లను తెంపరు. కొత్త పడుగు తెచ్చి, పాత పోగు చివరకు కొత్త పోగు మొదలును వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. ఒక్కొక్క పోగునూ. వేల పోగులు. పొద్దెక్కేటప్పుడు కూర్చుంటే పొద్దుగూకుతుంది. ఆ పని అయ్యాక పాత పోగే కొత్త పోగును చేయి పట్టుకొని మగ్గంలోకి లాక్కుపోతుంది. అప్పుడు పాతదాన్ని తీసేస్తారు. "ముందే తెంపితే?" అని అడిగాను. "తెంపితే ఏముంది, మగ్గమంతా ఖాళీ. మొదటినుంచి ఒక్కో పోగూ ఎక్కించుకోవాలె" అన్నాడు.

నువ్వు ముందే తెంపు. అతికే పని నీది కాదు. ఊళ్లో చదువుకున్న పిల్లోడెవడైనా వచ్చి, అన్నా ఉపాధి హామీ మస్టర్లు నేను చూసుకుంటా, రేషన్ కార్డుల దరఖాస్తులు నేను నింపుతా అంటే, సంతోషం తమ్మీ అని భుజం తట్టి, జమ్ములమ్మ జాతరకు ట్రాక్టర్లు మాట్లాడే పని అప్పజెప్పు. పెద్ద పని చేతికిచ్చావా, పని నేర్చుకుంటాడు. పని నేర్చుకున్నవాడు పేరు నేర్చుకుంటాడు. పేరు వచ్చినవాడు నామినేషన్ ఫారం నింపుతాడు. చెక్కు మీద నీ సంతకం పక్కన ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలని 2018 చట్టంలో పెట్టారు. ఎవడు రాశాడో కానీ నాయకుడి బాధ తెలియనివాడు రాశాడు. ఉపసర్పంచ్‌కు రోజూ మర్యాదగా చాయ్ తాగించు. లెక్కలు మాత్రం చెప్పకు.

వచ్చేసారి సీటు మహిళలకు పోతే? సగం సీట్లు వాళ్లవే కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. దిగులు పడకు. మా అమ్మాయిని నిలబెట్టు. బోర్డు మీద ఆమె పేరు, కుర్చీలో నువ్వు. ప్రమాణ స్వీకారం రోజు ఒక్కపూట ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీయించు, తర్వాత ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించు. చుట్టుపక్కల చాలా ఊళ్లలో ఈ ఏర్పాటు సాఫీగానే నడుస్తున్నది.

కాకపోతే మా అమ్మాయి దగ్గర ఒక చిక్కుంది. పొదుపు సంఘంలో తిరిగి తిరిగి ఆమెకు కొన్ని చెడ్డ అలవాట్లు పట్టుబడ్డాయి. వాళ్ల సంఘంలో కొన్నాళ్లకోసారి లీడర్‌ను మార్చుకోవాలని రాసుకున్నారట. ఈమె లీడర్‌గా ఉన్నప్పుడు లెక్కల పుస్తకం అద్దంలా ఉండేది, బ్యాంకువాళ్లు కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. అట్లాంటి కుర్చీని గడువు కాగానే కైకిలికి పోయే ఒకామెకు ఇచ్చేసింది. ఇచ్చేముందు ఆర్నెల్లు ఆమెను వెంటేసుకొని బ్యాంకుకు తిప్పి, పుస్తకం రాయడం నేర్పింది. నేను నెత్తి కొట్టుకున్నాను. "ఏందే ఇది?" అంటే, "ఇప్పుడు సంఘంలో ఇద్దరికి లెక్కలొచ్చు నాయనా. నాకు నిద్ర పడుతున్నది" అంది. ఇట్లాంటి మనిషిని సర్పంచ్ చేస్తే నీ గతేమిటో ఆలోచించుకో. ఈ కాగితం ఆమె కంట పడనీయకు.

పని ఎప్పుడూ పూర్తి చేయకు. ఇది మాత్రం పెద్ద నాయకుల దగ్గరే నేర్చుకోవచ్చు. జూరాలకు 1981లో పునాదిరాయి పడింది. అందులో నీళ్లు నిలిచేసరికి ఎంతమంది ముఖ్యమంత్రులు మారారో వేళ్ల మీద లెక్కపెట్టలేక వదిలేశాను. పాలమూరు-రంగారెడ్డి పథకానికి 2015 జూన్‌లో కరివెనలో శంకుస్థాపన, 2023 సెప్టెంబర్‌లో నార్లాపూర్ దగ్గర మొదటి మోటారు. ఈ నడుమ ఒక అసెంబ్లీ ఎన్నికల ప్రచారానికి సరుకు దొరికింది. ఆలస్యానికి భూములు పోయిన ఊళ్లు, కోర్టు కేసులు, నీళ్ల వాటాల తగాదాలు నిజమైన కారణాలు. నీకు ఆ భాగ్యం లేదు, నీ దగ్గరుండేది సీసీ రోడ్డు. దాన్నే ముప్పావు వేసి ఆపు. మిగతా పావు వచ్చే ఎన్నికకు పనికొస్తుంది.

నీకు ముందున్న సర్పంచ్ దీనికి తలకిందులుగా చేశాడు పాపం. గెలిచిన ఊపులో వైకుంఠధామం, నర్సరీ, డ్రైనేజీ అన్నీ నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పూర్తి చేశాడు. బిల్లు రాకముందే 2024 జనవరితో పదవీకాలం అయిపోయింది. ఇప్పటికీ కలెక్టరేట్ మెట్లు ఎక్కి దిగుతున్నాడు. ఆ తర్వాత 2025 డిసెంబర్ ఎన్నికల దాకా ఊళ్లకు సర్పంచే లేడు, స్పెషలాఫీసర్ పాలన. మొదటి నెల జనం దిక్కులు చూశారు. వీధి దీపం పోతే ఎవణ్ణి తిట్టాలో తెలియక అల్లాడారు. రెండో నెల కల్లా అలవాటు పడ్డారు. వాడకట్టు పిల్లలు తలా ఇంత వేసుకొని మోటారు బాగు చేయించుకున్నారు. నాయకుడు లేకుండా జనం నడవడం నేర్చుకుంటే మన జాతికి అంతకంటే పెద్ద కరువు లేదు. మళ్లీ అట్లాంటి ఖాళీ రాకుండా చూసుకో.

ఖాళీలే కాదు, కుర్చీలు పెరిగిన లాభమూ ఉంది చూడు. 2016 దసరా నాడు, అక్టోబర్ 11న, పాలమూరు జిల్లా ముక్కలైంది. మొదటి ముసాయిదాలో వనపర్తి ఉంది, నాగర్‌కర్నూల్ ఉంది, గద్వాల లేదు. రోడ్డెక్కి కొట్లాడితే చివర్లో జోగులాంబ గద్వాల చేరింది. తర్వాత 2019లో నారాయణపేట. ఉమ్మడి జిల్లాకు ఒక్కటే ఉన్న జెడ్పీ చైర్మన్ కుర్చీ అట్లా ఐదైంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ బస్టాండులో కలిస్తే దండం పెట్టి తప్పుకునే మనుషులు ఆ తర్వాత సర్కారు కార్లలో తిరిగారు. కుర్చీలు పెరిగితే కొత్త మనుషులు పుట్టుకొస్తారని శిక్షణ తరగతి సారు అంటాడు. పుట్టుకొచ్చారు కూడా. నువ్వు మాత్రం ఆ ఐదు కుర్చీల చుట్టూ నీ సొంత చుట్టాలే ఉండేట్టు చూసుకోవాలి. నాకు తెలిసి ఇది నువ్వు కనిపెట్టే కొత్త విద్యేమీ కాదు.

ఓటమి మాట ఎత్తడం శుభం కాదు కానీ రాయక తప్పదు. మన కల్వకుర్తి ఓటరంటే మామూలోడు కాదు. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే గద్దెనెక్కిన ఎన్టీఆర్‌ను 1989లో ఇంటికి పంపాడు. కాంగ్రెస్ తరఫున నిలబడ్డ చిత్తరంజన్ దాస్ గెలిచాడు. సినిమాల్లో కృష్ణుడే, రాముడే, అయితే ఏంది అన్నాడు కల్వకుర్తి రైతు. ఎన్టీఆర్ హిందూపురం సీటుతో అసెంబ్లీకి పోయి ప్రతిపక్షంలో కూర్చున్నాడు, మళ్లీ ఊళ్లు తిరిగాడు, 1994లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాడు. గద్వాలలో డి.కె. అరుణ 2004లో సమాజ్‌వాదీ పార్టీ టికెట్ మీద గెలిచింది. ఎక్కడి ఉత్తరప్రదేశ్, ఎక్కడి గద్వాల! తర్వాత రెండుసార్లు కాంగ్రెస్ నుంచి గెలిచి, మంత్రి పదవి చేసి, 2018లో ఓడింది. 2019లో బీజేపీలో చేరి ఎంపీగా నిలబడి మళ్లీ ఓడింది. 2024లో మహబూబ్‌నగర్ ఎంపీ. వంగూరు మండలం కొండారెడ్డిపల్లి నుంచి వచ్చిన రేవంత్‌రెడ్డి 2006లో మిడ్జిల్ జెడ్పీటీసీగా ఏ పార్టీ లేకుండా గెలిచాడు. 2018 డిసెంబర్‌లో కొడంగల్‌లో ఓడితే పని అయిపోయిందన్నారు. ఆర్నెల్లు తిరగకముందే మల్కాజిగిరి ఎంపీ. 2023 డిసెంబర్ 7న ముఖ్యమంత్రి.

వీళ్ల పార్టీలు వేరు, దారులు వేరు. ఎవరి రాజకీయం ఎట్లాంటిదో ఇక్కడ మనకు అనవసరం. నేను జీపులో వెనక కూర్చొని గమనించింది ఒకటే. ఓడిన నాయకుడికి మూడో రోజు నుంచి ఫోన్లు తగ్గుతాయి. పదో రోజు నుంచి వాకిట్లో చెప్పులు తగ్గుతాయి. నెల తిరిగేసరికి చుట్టూ ఉన్న ఒండ్రంతా కొట్టుకుపోయి, అడుగున గట్టి నేల తేలుతుంది. కొందరు ఆ నేల మీద కాలు పెట్టి మళ్లీ నడక మొదలుపెడతారు. మొదటిసారి గెలిచినప్పుడు కూడా అంత శ్రద్ధగా జనం మాట విని ఉండరు. ఒక నాయకుడైతే, పేరెందుకులే, ఓడిన ఏడాది మా ఇంట్లో జొన్నరొట్టె తింటూ, "ఇన్నేళ్లు మీ ఊళ్లె నీళ్లు ఉప్పగుంటయని నాకెవ్వడు చెప్పలే" అన్నాడు. ఆయన వెంట తిరిగే మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చెప్పనివాళ్లం మేమే. చెప్పకపోవడమే మా ఉద్యోగం.

నువ్వు ఆ గట్టి నేల దాకా పోనే వద్దు. ఓడిన రాత్రే ఓటర్ల జాబితా ముందేసుకొని, ఏ ఇల్లు ఓటేయలేదో ఎర్ర సిరాతో గీత గీయి. తెల్లారి కండువా మార్చు. సర్పంచ్ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి అసలు ఏ కండువా మీద గెలిచావో కూడా ఎవరికీ గట్టిగా తెలియదు, అదొక సుఖం. మనిషి మారాలంటే ఏళ్లు పడుతుంది. కండువాకు నిమిషం చాలు. చుట్టూ మాలాంటివాళ్లను తగ్గకుండా చూసుకో. ఉప్పు నీళ్ల సంగతి చెప్పేవాణ్ణి మాత్రం గుమ్మం తొక్కనీయకు.

పూడిక సంగతి మరిచాను. 2015లో మిషన్ కాకతీయ అని చెరువుల పూడిక తీయించారు గుర్తుందా? ఎన్నో ఏళ్ల ఒండ్రు. నల్లగా, వెన్నలా ఉండేది. నేను పదహారు ట్రాక్టర్లు నా రెండెకరాలకు తోలుకున్నాను. ఆ ఏడూ మరుసటి ఏడూ ఎరువు బస్తా కొనే పని పడలేదు. చెరువు అడుగున పడి ఉంటే గుంతను మింగేసే ఒండ్రు, పొలంలో పడితే అన్నం పెట్టింది. పాత సర్పంచులను, పాత వార్డు సభ్యులను నెలకోసారి పిలిచి కూర్చోబెట్టి సలహా అడుగుతాననీ, వాళ్లకు తెలిసింది ఊరికి పనికొస్తుందనీ అన్నావట. అమ్మాయి చెప్పింది. వద్దు. వాళ్లను అడుగునే పడి ఉండనీ.

ఇక నువ్వు మొన్న ఫోన్లో అడిగిన సంగతి. వచ్చే వానాకాలానికి చెరువులో ఇంకో రెండడుగులు నీళ్లు నిలపాలని, అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి సిమెంటు గోడ కట్టాలని మీ పార్టీ పిల్లలు పట్టుబడుతున్నారు కదా. గోడ మీద నీ పేరు పెద్ద అక్షరాలతో రాయిస్తామన్నారట. కింది రైతులేమో, అలుగు మూస్తే కట్ట ఆగదు సర్పంచ్ సాబ్, 2009 అక్టోబర్‌లో ఏం జరిగిందో మరిచినవా, కృష్ణా తుంగభద్రలు ఒక్కటై అలంపురం, రాజోలి మునిగినప్పుడు నీళ్లకు దారి లేకుంటే ఏమైతదో చూడలేదా అని నీ చుట్టూ తిరుగుతున్నారట. నీళ్ల పారుదల ఇంజినీరు కూడా వద్దన్నాడట. ఇంజినీర్లు ఎప్పుడూ అంతే. గోడ కట్టించు. నిండు చెరువు మీద నీ పేరు కనబడితే ఆ అందమే వేరు.

నా పొలం గురించి మొహమాటపడకు అల్లుడా. కట్ట కింది రెండెకరాలు మొన్న సంక్రాంతికి ముందే అమ్మేశాను.